మానసిక జబ్బుతో ఉన్నవారికి సోపతిగా ఉండాలంటే: వారానికో గంట ఎలా గడపాలి

ఈ పనికి డిగ్రీ అక్కర్లేదు. వారానికి ఒక గంట కావాలి, అదీ కనీసం ఏడాదిపాటు. ఉత్సాహంగా వచ్చి మూడు నెలలు తిరిగి మాయమయ్యేవాళ్ల వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. దోస్తులు, చుట్టాలు, ఒక్కోసారి కట్టుకున్నవాళ్లు కూడా దూరమైన మనిషి దగ్గరికి మీరు వెళ్తున్నారు. మీరూ మానేస్తే ఆ లెక్కలో ఇంకొకరు చేరతారు. అందుకే చెప్పిన రోజున, చెప్పిన టైముకు పోవడం గురించి ఇందులో పదే పదే వస్తుంది. విసుక్కోకండి.

నల్గొండ, పాలమూరు వైపు ఏ ఊరికి పోయినా ఇలాంటివాళ్లు కనబడతారు. భివండికో ముంబైకో పనికి పోయి, అక్కడ జబ్బు చేసి తిరిగొచ్చిన కొడుకు. కాన్పు తర్వాత పుట్టింటికి పంపేసి మళ్లీ తీసుకుపోని కోడలు. బీటెక్ మధ్యలో ఆపేసి వెనక గదిలోనే ఉంటున్న పిల్లాడు. మందులు ఆసుపత్రి ఇస్తుంది, తిండి తల్లి పెడుతుంది. ఇంటివాళ్లు కాకుండా పలకరించే మనిషి మాత్రం ఉండరు.

ఇలా పక్కన ఉండటం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లుంటారు. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే జబ్బు) ఉన్నవారి మీద జరిగిన ఒక పరిశోధన 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఊళ్లలోని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపితే, ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవారికంటే వీళ్ల పరిస్థితి కొంత మెరుగుపడింది. కొంత అనే నేనూ అంటున్నాను. జబ్బు నయం చేస్తామన్న ధీమాతో బయలుదేరొద్దు.

ముందు మీ సంగతి చూసుకోండి

మీ ఏడాది ఎలా నడుస్తుందో గుర్తుచేసుకోండి. వ్యవసాయం ఉంటే నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు మీకు ఊపిరాడదు. చదువుకునేవాళ్లయితే పరీక్షలు, ఆ తర్వాత హైదరాబాదు ప్రయాణం. ఇవన్నీ తీసేసినా మిగిలే రోజు ఏదో చూసి, దానికే కట్టుబడండి. ఆదివారం పొద్దున పది గంటలు అనుకుంటే అదే. వారానికి రెండుసార్లు వస్తానని గొప్పకు పోవద్దు.

మీ వాడకట్టులోని మనిషిని తీసుకోకండి. పొలం గట్ల గొడవలు, పాత అప్పులు, పాలివాళ్ల పంచాయితీలు మీతోపాటే ఆ ఇంట్లోకి వస్తాయి. మీకు తెలిసిన సంగతి బయటికి పోతుందన్న భయం వాళ్లకూ ఉంటుంది. బస్సులో అరగంటలో చేరుకునే పక్క ఊరు మేలు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మహిళలకు దారి ఖర్చు అడ్డం కాదు.

మీకే ఒకప్పుడు డిప్రెషనో, ఇంకేదో వచ్చి తగ్గిందా? ఈ పనికి మీకంటే తగినవాళ్లు లేరు. అయితే నిద్ర, మందులు, పని అన్నీ కుదురుకున్నాకే మొదలుపెట్టండి. ఇంట్లో ఈ మధ్యే ఆత్మహత్య జరిగి ఉంటే ఇంకొంతకాలం ఆగండి.

ఆసుపత్రి ద్వారానే వెళ్లండి

సోపతి కోసం బోర్డు పెట్టుకున్న ఆఫీసు మీ మండలంలో కనబడకపోవచ్చు. దారి మాత్రం ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కాలేజీకి అనుబంధంగా ఉన్న జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే సిబ్బంది ఎవరో అక్కడే తెలుస్తుంది. లేదా మీ పీహెచ్‌సీ డాక్టరును కలవండి. అందరికంటే ఊరు తెలిసిన మనిషి ఆశా కార్యకర్త. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు మందులు మానేశారో ఆమెకు నోటికొచ్చు.

మీ ఆధార్ జిరాక్సు, మీ గురించి చెప్పగల ఇద్దరి ఫోన్ నంబర్లు వాళ్లు అడగకముందే ఇవ్వండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి "సాయం చేస్తా" అంటే అనుమానించడం వాళ్ల బాధ్యత. నెలకోసారి ఎవరితో కూర్చుని మాట్లాడాలో కూడా అప్పుడే తేల్చుకోండి. నర్సు, కౌన్సెలర్, డాక్టరు ఎవరైనా సరే. అలాంటి మనిషి దొరకనంతవరకు మొదలుపెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

ఎవరి దగ్గరికి వెళ్లాలో మీరు ఎంచుకోకండి. డాక్టరో ఆశానో ముందుగా ఆ మనిషినే అడగాలి: "వారానికోసారి ఒకరు వచ్చి కూర్చుంటరు, నీకు ఇష్టమేనా?" తల్లి సరే అంటే చాలదు. వద్దంటే వద్దు. ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లే వెళ్లడం మన దగ్గర అందరికీ మంచిది. జబ్బు వివరాలు ఆసుపత్రివాళ్లు మీకు పూర్తిగా చెప్పకపోతే నొచ్చుకోకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు గోప్యం.

జబ్బు గురించి ఎంత తెలిస్తే చాలు

పుస్తకం చదవాల్సినంత అక్కర్లేదు. కొన్ని సంగతులు మాత్రం ముందే తెలిసి ఉండాలి, లేకపోతే మనిషిని తప్పుగా అర్థం చేసుకుంటారు.

మీరొచ్చినప్పుడల్లా మత్తుగా ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. మానసిక జబ్బుల మందుల్లో కొన్నిటితో నిద్రమత్తు, చేతుల వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం, బరువు పెరగడం ఉంటాయి. డిప్రెషన్ మందులు పనిచేయడం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. "పది రోజులు మింగిన, ఏం కాలే" అని మానేసేది సరిగ్గా ఈ మధ్యలోనే. బైపోలార్‌కు (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బు) లిథియం అనే మందు వాడేవారికి మన ఎండాకాలం ప్రమాదం. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట తడబడటం కనిపిస్తే వచ్చే వారం దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి పంపాలి. మందు పెంచమనో తగ్గించమనో మీరు చెప్పకూడదు. చూసింది చూసినట్టు డాక్టరుకు చేరేయడం వరకే మీ పని.

మన జిల్లాల్లో ఇంకొకటి ఉంది, కల్లు. ఈత, తాటి కల్లు గురించి కాదు నేను చెప్పేది. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు గురించి. ఏళ్ల తరబడి అది తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, వణుకు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ఏదేదో మాట్లాడతారు. 2015లో కల్తీ కల్లు మీద సర్కారు గట్టిగా పడినప్పుడు నిజామాబాద్, పాలమూరు జిల్లాల్లో జనం ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే "రేపట్నుంచి కల్లు బంద్ పెట్టు" అని మీరు ఒట్టు వేయించకండి. మానడం మంచిదే, డాక్టరు పర్యవేక్షణలో మానాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు

ఆశాతో కలిసి వెళ్లండి. అరగంట చాలు. నోట్‌బుక్ తీయొద్దు, ఫోటో అసలే వద్దు. గదిలోకి చొరబడకుండా అరుగు మీదో, వేపచెట్టు కిందో, అందరికీ కనబడేచోట కూర్చోండి. ఇరవై ఏళ్ల పిల్లాడినైనా సరే మొదట్లో "మీరు" అనండి. "నువ్వు అను అన్నా, మీరు ఎందుకు" అని వాళ్లే అనేదాకా ఆగండి. పెద్దవాళ్లయితే వరస కలపండి: పెద్దమ్మ, బాపు, అక్క. "పేషెంటు" అన్న మాట మీ నోట రాకూడదు.

మీరు అడిగిన ప్రతిదానికీ ఇంట్లోవాళ్లే జవాబు చెబుతారు. "వానికేం తెల్వదు సార్, మమ్మల్ని అడుగుండ్రి." వాళ్లను కసురుకోకుండా విని, చూపు మాత్రం ఆ మనిషి వైపే తిప్పి మళ్లీ అడగండి. జవాబు రావడానికి నిమిషం పట్టొచ్చు. ఆ నిమిషం ఆగడం చేతనైతే సగం పని వచ్చినట్టే.

ఈలోపు వాకిట్లోకి నలుగురు చేరతారు. "గవర్నమెంటోళ్లా సార్? పింఛన్లు రాస్తున్రా?" (రాస్తున్నామంటే వాళ్ల పేర్లూ రాయాలి మరి.) మీరెవరని చెప్పాలో ముందే ఆ మనిషితో మాట్లాడుకోండి. "తెలిసిన అన్న" అంటే చాలని కొందరంటారు. "మా అమ్మ తరఫు చుట్టం అని చెప్పు" అని కొందరు అడుగుతారు. అబద్ధం చెప్పడం మీకిష్టం లేకపోతే ఆ సంగతీ అప్పుడే చెప్పేయండి. జబ్బు పేరు మాత్రం మీరు ఎవరి దగ్గరా ఎత్తొద్దు.

లేచేముందు మళ్లీ ఎప్పుడొస్తారో రోజు, టైము చెప్పండి. క్యాలెండర్ ఉంటే వాళ్ల చేతనే గుర్తు పెట్టించండి.

ఆ గంట ఎలా గడపాలి

ఎదురెదురుగా కూర్చుని "ఎట్లున్నవ్? ఏమనిపిస్తుంది?" అని అడుగుతూ పోతే పది నిమిషాల్లో ఇద్దరికీ టెన్షన్ వస్తుంది. చేతికేదో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. చింతపండు గింజ తీయడం, మేకలకు ఆకు వేయడం, చెట్లకు నీళ్లు పోయడం, ఫోన్లో క్రికెట్ చూడటం. పక్కపక్కన కూర్చుంటే కళ్లలోకి చూడాల్సిన ఇబ్బంది కూడా తప్పుతుంది.

కొన్ని వారాలు గడిచాక బయటికి తీయండి. మొదట వీధి చివరి హోటల్లో చాయ్. అక్కడ పొద్దున జనం ఎక్కువ, కాబట్టి పదకొండు తర్వాత పోండి. ఎవరైనా నవ్వితే ఏం చేద్దామో వెళ్లేముందే అనుకోండి: చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చేద్దామా, పట్టించుకోకుండా తాగుదామా? ఆ నిర్ణయం ఆ మనిషిదే. తర్వాత అంగడి. ఆ తర్వాత కొంచెం దూరం. నల్గొండవాళ్లకు పానగల్లు చెరువు కట్ట, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నాయి. మహబూబ్‌నగర్‌వాళ్లకు పిల్లలమర్రి ఉంది. పండగ రోజులు, జాతర రోజులు వదిలేయండి. బతుకమ్మకు రమ్మని ఒకావిడను బలవంతపెడితే, ఆమెకు ఆ ఆటకంటే "ఇన్నొద్దులు యాడున్నవే?" అన్న అమ్మలక్కల ప్రశ్నలే మిగులుతాయి. ఆమే వస్తానంటే సంతోషంగా వెళ్లండి.

కొన్ని రోజులు ఏ పనీ జరగదు. ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉంటారు. "నేను ఇక్కడే కూసుంట, నీకు మాట్లాడాలనిపిస్తే మాట్లాడు" అని చెప్పి కూర్చోండి. గంట కాగానే "వచ్చే ఆదివారం వస్త" అని లేవండి. గంటన్నర ఉండి త్యాగం చేయక్కర్లేదు. ఆ రోజు గంట వృథా అయిందని మీకనిపించవచ్చు. మీరు పోయాక ఆ ఇంట్లో జరిగే మాటలు వింటే అలా అనుకోరు.

నమ్మకాల దగ్గర వాదన వద్దు

"పక్కింటోళ్లు నాకు బాణామతి చేసిన్రు. రాత్రి గోడల్లకెల్లి తిడుతున్నరు." ఈ మాట వినగానే మనకు రెండు ఉబలాటాలు పుడతాయి: అదంతా అబద్ధమని నిరూపించడం, లేదా గొడవెందుకని ఊ కొట్టడం. రెండూ పనికిరావు. వాదిస్తే మీరూ పక్కింటివాళ్ల జట్టులో చేరిపోతారు. ఊ కొడితే భయం ముదురుతుంది. "నాకు ఆ మాటలు వినిపిస్తలేవు అన్నా. కానీ నీకు వినిపిస్తున్నయంటే రాత్రంతా నిద్ర ఉండదు గదా, చానా భయమైతుండొచ్చు" అనండి. మాటల్లోని నిజానిజాలు పక్కన పెట్టి, భయం గురించి మాట్లాడండి. పక్కింటివాళ్లను ఏదైనా చేస్తానన్న మాట వస్తే మాత్రం అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లోవాళ్లు అమావాస్యకు చెర్వుగట్టుకో, జాన్‌పహాడ్ దర్గాకో తీసుకుపోతామంటే అడ్డుపడకండి. దేవుడి మీద నమ్మకాన్ని మీరు గెలవలేరు, గెలవాల్సిన అవసరమూ లేదు. "పోయి రండ్రి, గోలీలు మాత్రం సంచిల పెట్టుకొని పోండ్రి" అంటే ఎవరికీ నొప్పి ఉండదు. కొట్టించడం, పస్తులుంచడం, గొలుసులు వేయడం లాంటివి ఎదురైతే అది వేరే సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక జబ్బు ఉన్నవారిని ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. 2017 చట్టం 95వ సెక్షన్ గొలుసులు వేయడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. అయినా కొడుకు కాలికి తాడు కట్టిన తల్లి మీద చట్టం చదవడం వల్ల లాభం లేదు. ఆమె పొద్దంతా కూలికి పోవాలి, వాడు రోడ్డు మీదికి పోతాడని భయం. ఆశాకూ డాక్టరుకూ ఆ రోజే చెప్పి, వాళ్లను ఇంటికి రప్పించండి.

హద్దులు

డబ్బు ఇవ్వొద్దు, తీసుకోవద్దు. చాయ్ డబ్బులు ఒకసారి మీరు, ఒకసారి వాళ్లు. ఫోన్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఎత్తుతారో మొదటి నెలలోనే చెప్పండి. రాత్రి పదకొండింటికి ఒకసారి ఎత్తితే రోజూ ఎత్తాలి. రహస్యాలు దాచండి, "నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే మాత్రం చెప్తా" అని ముందే అనండి.

ఏదో ఒకరోజు తల్లి మిమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతుంది: "పెండ్లి చేస్తే కుదురుకుంటడంటున్నరు, ఏదన్న సంబంధం ఉంటే చూడు బిడ్డా." ఆ పనిలో వేలు పెట్టకండి. పెళ్లి మందు కాదు, వచ్చే పిల్లకు జబ్బు సంగతి దాచడం అన్యాయం. "ఈ మాట డాక్టరు దగ్గర, నీ కొడుకు ముందే మాట్లాడుదాం పెద్దమ్మా" అని అక్కడితో ఆపండి.

చావు మాట వచ్చినప్పుడు

అనుమానం వస్తే సూటిగా అడగండి. "అన్నా, చచ్చిపోవాలని ఆలోచన వస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు చాలామందికి బరువు దిగుతుంది. "పిల్లలు గుర్తుకు రాలేదా?" లాంటి నిలదీతలు వద్దు. అవునంటే ఎలా, ఎప్పుడు అనుకున్నారో అడగండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, గంట అయిపోయినా సరే. ఇంట్లో పురుగుల మందు ఉంటే వెంటనే వేరే ఇంటికి తీసుకుపోయి తాళం వేయించండి. మన పత్తి ఊళ్లలో ఆ డబ్బా మంచం కిందే ఉంటుంది. ఆ ఒక్క డబ్బా దూరంగా ఉండటం వల్లే ప్రాణాలు దక్కిన సందర్భాలు ఉంటాయి, ఎందుకంటే ఆ తీవ్రత చాలాసార్లు కొన్ని గంటల్లో తగ్గుతుంది.

మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారికి సర్కారు నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పటికే ఏదైనా మింగేసి ఉంటే ముందు 108. ఇంట్లోవాళ్లు "పోలీసు కేసైతది" అని ఆసుపత్రికి వెనకాడితే చెప్పండి: 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావిస్తారు, శిక్షించరు.

కాగితాలు, ఆసుపత్రి రోజు

మానసిక జబ్బు కూడా వైకల్యాల జాబితాలో ఉంది. వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో 40 శాతానికి తగ్గకుండా రాస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీళ్లకు కాలో చెయ్యో పోలేదు కాబట్టి ఊళ్లో "వానికేమైంది, మంచిగనే ఉన్నడు గదా" అంటారు. పాత చీటీలన్నీ ఒక కవర్లో వరసగా పెట్టించడం మీరు చేయగల గొప్ప సాయం. ఓపీకి పొద్దున్నే తోడు వెళ్లి లైన్లో నిలబడండి. డాక్టరు ముందు మాట్లాడాల్సింది మాత్రం ఆ మనిషే. పింఛను వచ్చాక ఎవరు ఏమిచ్చినా ముట్టకండి, స్వీటు డబ్బా తప్ప.

మీరు ఆపేయాల్సి వస్తే

పెళ్లి, బదిలీ, చదువు, ఏదో ఒకటి వస్తుంది. కనీసం నెల ముందు చెప్పండి, ఫోన్లో కాకుండా కూర్చుని. ఎందుకు మానేస్తున్నారో నిజం చెప్పండి. లేకపోతే "నాతోని విసుగొచ్చి పోయిండు" అనుకుంటారు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తానని అనేముందు, నిజంగా చేస్తారా అని మిమ్మల్ని మీరే అడగండి. నెలనెలా మీరు మాట్లాడే నర్సుకో డాక్టరుకో అదే వారం చెబితే ఇంకొకరిని చూస్తారు. కొత్త మనిషి వచ్చే మొదటి రెండుసార్లు మీరూ వెళ్లండి. మూడోసారి వెళ్లకండి, వాళ్లిద్దరినీ చాయ్ తాగనివ్వండి.